గడప దాటని గొంతు

కొన్ని మాసముల క్రిందట మా స్టూడియోలో ఒక సాయంకాలము జరిగిన సంగతితో ఈ ప్రసంగమును ప్రారంభింతుము. వారమునకొకసారి ఒక డాక్టరు గారు వచ్చి, శ్రోతలు టెలిఫోనులో అడుగు ప్రశ్నలకు సమాధానములు చెప్పు కార్యక్రమమది. ఆ వారముననే పాత టెలిఫోను తీగలను తొలగించి, ఇంటర్నెట్టు ద్వారా మాటను మోయు క్రొత్త ఏర్పాటును అమర్చిరి. ఎఱ్ఱదీపము వెలిగినది. మొదటి పిలుపు వచ్చినది. “నమస్కారమండీ, ఎవరు మాట్లాడుతున్నారు?” అంటిమి. జవాబు లేదు. “హలో, చెప్పండి, మీ మాట వినపడటం లేదు” అంటిమి. మరల నిశ్శబ్దమే. రేడియోవారికి నిశ్శబ్దము కంటె భయము కలిగించునది మరియొకటి లేదు. పది సెకన్లు వేచిచూచి, “అటువైపు ఎవరూ లేనట్టున్నారు, తరువాతి శ్రోతతో మాట్లాడదాం” అని ప్రకటించి ముందుకు సాగితిమి. రెండవ పిలుపును అట్లే ఆయెను. మూడవదియు అంతే. తుదకు డాక్టరు గారు ఉత్తరములలో వచ్చిన ప్రశ్నలను తీసికొని ఆ అరగంటను ఎట్లో గట్టెక్కించిరి.

ఎనిమిది దినముల తరువాత ఒక పోస్టు కార్డు వచ్చినది. ఒక పల్లెటూరి నుండి ఒక పెద్ద ముత్తైదువ వ్రాసిన కార్డది. “నాయనా, మీరు హలో హలో అంటూ ఉంటే నాకు స్పష్టంగా వినపడుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను. గట్టిగా అరిచాను కూడా. ఎవరూ లేరని చెప్పి మీరే పెట్టేశారు. ఇంట్లో వాళ్ళందరూ రేడియో దగ్గర కూర్చుని విన్నారు.” ఆమె అడుగదలచిన ప్రశ్న కార్డు అడుగున ఇరికించి వ్రాయబడియున్నది. ఏకాదశి ఉపవాసమునాడు తన భర్త చక్కెర వ్యాధికి వాడుచున్న మాత్రలను వేసికొనవలెనా, మానవలెనా అని ఆమె సందేహము.

మేము లేదని ఊరంతకును చెప్పిన మనిషి, అక్కడ ఉన్నది, మాట్లాడుచునే ఉన్నది. మా గొంతు ఆమెకు చేరినది. ఆమె గొంతు మా గడప దాటి లోపలికి రాలేదు. చెవిటివాని ముందు శంఖమూదినట్లు అను సామెతను ఎన్నిమారులో వాడియుంటిమి గాని, ఆ చెవిటివాని స్థానమున మమ్ము మేము ఎన్నడును చూచుకొనలేదు. ఇట్లేల జరిగినదని ఇంజనీరు గారిని అడుగగా ఆయన చెప్పిన సంగతులును, తరువాత మేము చదివి తెలిసికొన్న సంగతులును నేడు మీ ముందుంచెదము. ఇది యంత్రముల విషయము కదా, మనకెందులకని అనుకొనవలదు. ఫైబరు తీగతో వచ్చుచున్న ఇంటి టెలిఫోను, అమెరికాలోని కుమారుడు చేయు వీడియో పిలుపు, పెద్ద ఆసుపత్రివారి టెలిఫోను బల్ల, వీనిలో పెక్కు ఈ త్రోవననే నడచుచున్నవి.

మొదట మాట ఎట్లు ప్రయాణము చేయునో చూతము. పాత టెలిఫోనులో మన ఇంటి నుండి ఎక్స్ఛేంజి దాక ఒక జత రాగి తీగలు ఉండెడివి. పిలుపు నడచునంతసేపు ఆ దారి మనదే. ఇంటర్నెట్టు టెలిఫోనులో అట్టి దారి లేదు. మాటను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్క పొట్లముమీద చిరునామా వ్రాసి వదలుదురు. సాధారణముగా వాడు పద్ధతిలో సెకనునకు 50 పొట్లములు బయలుదేరును. ఒక్కొక్కదానిలో 20 మిల్లీ సెకన్ల మాట, అనగా 160 బైట్లు ఉండును. చిరునామాలు మొదలగు పైతొడుగులు మరి 40 బైట్లు. ఈ పొట్లములను మోయు నిబంధనకు ఆర్.టి.పి. అని పేరు. ఇది 1996లో ప్రకటింపబడి, 2003లో సవరింపబడినది.

అయితే మాట బయలుదేరుటకు ముందు బేరసారములు జరుగవలెను. “నీతో మాటాడవలెను” అని ఒకరు, “సరే” అని ఒకరు అనుకొనవలెను. ఏ చిరునామాకు మాట పంపవలెనో ఇరువురును ఒకరికొకరు తెలుపుకొనవలెను. ఈ రాయబారమును నడపు నిబంధనకు సిప్ అని పేరు. ఇది 1999లో మొదట వెలువడి, 2002లో నేటి రూపమునకు వచ్చినది. ఇక్కడ శ్రోతలు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. రాయబారము ఒక దారిన నడచును. మాట మరియొక దారిన నడచును. రాయబారము చక్కగా జరిగి, గంట మ్రోగి, ఫోను ఎత్తిన తరువాత కూడ మాట దారి తప్పవచ్చును. మా స్టూడియోలో జరిగినదిదే. గంట మ్రోగినది గనుకనే మేము అంతయు బాగున్నదనుకొంటిమి.

ఇక చిరునామాల కథ. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకును ఒక అంకెల చిరునామా కావలెను. 1981లో స్థిరపడిన పద్ధతిలో ఇట్టి చిరునామాలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. ఆనాడది సముద్రమువలె తోచినది. పదేండ్లు గడువక ముందే అది చెరువని తేలినది. కనుక 1994లో ఒక ఉపాయము ప్రకటించిరి. ఇంటిలోని, కార్యాలయములోని యంత్రములకు లోపల చెల్లు చిరునామాలు ఇచ్చి, బయటి ప్రపంచమునకు అందరికిని కలిపి ఒకే చిరునామాను చూపుట ఆ ఉపాయము. ఆంగ్లపు పేరులోని మొదటి అక్షరములను కలిపి దీనిని నాట్ అందురు. లోపలి చిరునామాలకై 1996లో మూడు వరుసలను ప్రత్యేకించిరి. 10తో మొదలగునవి ఒక వరుస, 172.16 నుండి 172.31 వరకు ఒక వరుస, 192.168తో మొదలగునవి ఒక వరుస. మీ ఇంటి గోడకు తగిలించిన ఇంటర్నెట్టు పెట్టెను పరీక్షించినచో ఈ మూడవ వరుసలోని అంకెలే ఎక్కువగా కనబడును. ప్రపంచపు కేంద్ర భాండారములోని పాత చిరునామాలు 2011 ఫిబ్రవరిలో అయిపోయినవి. అయినను ఇంటర్నెట్టు ఆగకుండుటకు ఈ నాట్ అను ఉపాయమొక ముఖ్య కారణము.

దీనిని మన ఇండ్ల భాషలో చెప్పుకొందము. ఒక పెద్ద లోగిలి ఉన్నదనుకొనుడు. లోపల నాలుగు కాపురములు. “పెరటి గది”, “మేడమీది గది”, “బావి ప్రక్క గది” అనిన లోపలివారికి తెలియును. తపాలా జవానుకు తెలియదు. అట్టి గదులు ప్రతి లోగిలిలోను ఉన్నవి. కనుక వీధి గుమ్మములో ఒక గుమాస్తా కూర్చుండును. పెరటి గదివారు ఉత్తరము పంపినచో, కవరుమీద “పెరటి గది” అనుదానిని కొట్టివేసి వీధి చిరునామా వేసి పంపును. ఎవరు పంపినదియు తన చిట్టాలో వ్రాసికొనును. జవాబు రాగానే చిట్టా చూచి పెరటి గదికి చేర్చును. ఈ గుమాస్తాయే నాట్. మామూలు ఉత్తరములకు ఇంతకంటె చక్కని ఏర్పాటు లేదు.

ఐతే ఈ గుమాస్తా కవరును మాత్రమే దిద్దును. లోపలి ఉత్తరమును చదువడు. పెరటి గదివారు ఉత్తరములో, “నేను చెప్పవలసినది చెప్పితిని, మీరు చెప్పదలచినది పెరటి గదికి పంపుడు” అని వ్రాసినచో ఏమగును? కవరుమీద చిరునామా సరిగానే ఉన్నది గనుక ఉత్తరము చేరును. చదివినవారు అందులోని మాట నమ్మి, తమ జవాబును “పెరటి గది” అని వ్రాసి పంపుదురు. ఆ జవాబు ఏ లోగిలికిని చేరదు.

సిప్ రాయబారము సరిగా ఇట్టి ఉత్తరమే. అందులో “మాటను ఈ చిరునామాకు పంపుము” అను వరుస ఒకటి కవరు లోపల ఉండును. “ఇకముందు నాతో రాయబారము ఈ చిరునామాకు నడుపుము” అని చెప్పు కాంటాక్టు అను వరుస మరియొకటి ఉండును. మా క్రొత్త యంత్రము ఈ రెండింటను 192.168తో మొదలగు తన లోపలి చిరునామానే వ్రాసి పంపినది. టెలిఫోను కంపెనీ యంత్రము ఆ మాట నమ్మి, పల్లెటూరి అమ్మగారి గొంతును ఆ చిరునామాకే పంపినది. అది దారిలోనే నశించెను. మా గొంతు మాత్రము కంపెనీ ఇచ్చిన నిజమైన చిరునామాకు పోయెను గనుక ఆమెకు వినబడెను. ఇదియే ఒంటివైపు మాట అను రోగము.

అట్లయిన ముందుగా పరీక్షింపలేదా యని అడుగుదురు. పరీక్షించిరి. ఇంజనీరు గారు స్టూడియో నుండి కార్యాలయమునకును, కార్యాలయము నుండి స్టూడియోకును పదిమారులు ఫోను చేసి చూచిరి. అన్నియు చక్కగా వినబడినవి. ఆ ఫోనులన్నియు ఒకే లోగిలిలోనివి. లోపలి చిరునామా లోపల చెల్లినది. వీధిలో నిలువబడి తలుపు తట్టి చూచినవారు లేరు. ఈ పరీక్ష సరిపోవునని తలయూపినవారిలో మేమును ఉంటిమి.

ఈ చిక్కునకు వైద్యముగా ఏర్పడిన యంత్రమే సెషన్ బోర్డర్ కంట్రోలరు. దీనిని క్లుప్తముగా ఎస్.బి.సి. అందురు. మన పల్లెలలో పెళ్ళిళ్ళ పేరయ్య చేయు పని వంటిదే దీని పని. పేరయ్య మగపెళ్ళివారి మాటను ఉన్నదున్నట్లు మోసికొనిపోడు. అక్కడ వారి మనిషిగా మాటాడి, ఇక్కడకు వచ్చి వీరి మనిషిగా మాటాడును. ఎస్.బి.సి.యును అంతే. బయటి పిలుపును తానే అందుకొనును. లోపలికి తానే మరియొక పిలుపు చేయును. రెండింటిని తన చేతిలో కలుపును. లోపలి చిరునామాలు బయటివారికి తెలియనీయదు. మాట పొట్లములు కూడ తన చేతిమీదుగానే నడిపించును. ఇరువైపుల సందేశములను విప్పి మార్చు ఈ నడివాడు కొన ఫోనుల మధ్య జరుగవలసిన సంభాషణను చెరచుచున్నాడని ఆక్షేపించినవారును లేకపోలేదు. 2010లో ఇంటర్నెట్టు నిబంధనల వరుసలో వెలువడిన 5853వ పత్రము ఈ యంత్రముల పనులను వర్ణించి, వానివలన వచ్చు చిక్కులను కూడ చెప్పినది. అయినను నేడు టెలిఫోను కంపెనీలును, పెద్ద కార్యాలయములును దీనిని విస్తారముగా వాడుచున్నవి.

మా కార్యాలయమున కూడ ఎస్.బి.సి. ఉన్నది. మరి రోగమెందుకు వచ్చినది? ఆ యంత్రమే నాట్ వెనుక కూర్చుండుట వలన. వీధి చిరునామా ఒక్కటే ఉండెను. అది గుమ్మములోని రూటరు పెట్టె వద్ద ఉండెను. ఎస్.బి.సి.ని దాని వెనుక ఒక గదిలో పెట్టిరి. పేరయ్యకే వీధి గుమ్మము చిరునామా తెలియనప్పుడు పెళ్ళివారికి ఏమి చెప్పగలడు? తనకు తెలిసిన గది పేరే చెప్పినాడు. ఇట్లు పెట్టుట తప్పు కాదు. పెక్కుచోట్ల ఇట్లే పెట్టుదురు. అయితే పెట్టునప్పుడు చేయవలసిన పనులు కొన్ని కలవు. వానిని వరుసగా చెప్పెదము.

మొదటిది, మారని వీధి చిరునామా. కొన్ని కనెక్షనులలో చిరునామా అప్పుడప్పుడు మారుచుండును. కరెంటు పోయి వచ్చినను మారవచ్చును. రాత్రి మారినచో ఉదయమునకు టెలిఫోను మూగవోవును. కనుక కంపెనీనడిగి స్థిరమైన చిరునామాను తీసికొనవలెను. మరియొక జాగ్రత్త. రూటరు బయటివైపు చిరునామా 100.64 నుండి 100.127 వరకు గల వరుసలో ఉన్నచో, అది కంపెనీవారు తమ లోగిలిలో ఇచ్చిన గది పేరే గాని వీధి చిరునామా కాదు. చిరునామాల కరవు వలన 2012లో ఈ వరుసను అందుకొరకు ప్రత్యేకించిరి. అట్టిచోట మన గుమ్మమునకు బయట కంపెనీ గుమ్మము మరియొకటి ఉండును. దానిని మనము తెరువలేము.

రెండవది, ఆ వీధి చిరునామాను ఎస్.బి.సి.కి చెప్పుట. దీనిని రెండు చోట్ల చెప్పవలెను. రాయబారములో వ్రాయవలసిన చిరునామా ఒకటి. మాటకై వ్రాయవలసిన చిరునామా ఒకటి. రెండును సాధారణముగా ఒకటే అయినను గడులు వేరు. ఒకటి నింపి మరియొకటి మరచుట సులభము. దీనికి తోడు లోపలి వరుసలేవో కూడ చెప్పవలెను. లేనిచో లోపలి ఫోనులకు సైతము వీధి చిరునామా ఇచ్చి, పెరటి గదివారి మాటను వీధిలోనికి త్రిప్పి పంపును. గుమ్మము దాక పోయి వెనుదిరిగి వచ్చు మాటను లోనికి రానిచ్చుట ఎల్ల రూటరులకును చేతకాదు.

మూడవది, గుమ్మములో తలుపులు తెరచుట. ప్రతి చిరునామాకును పోర్టులను అంకెల తలుపులుండును. సిప్ రాయబారమునకు సాధారణముగా 5060వ తలుపు. రహస్య లిపిలో నడచునప్పుడు 5061. ఇవి గాక మాటకు వేరు తలుపులు కావలెను. ఒక్కొక్క పిలుపునకు బయటివైపు మాటకు ఒకటి, మాట నడకను తెలుపు సమాచారమునకు ఒకటి, మొత్తము 2 తలుపులు లెక్క వేయవలెను. ఏకకాలమున 30 పిలుపులు నడువవలెననిన 60 తలుపులు. ఎస్.బి.సి.లో ఏ వరుస వ్రాసితిమో గుమ్మములోను అదే వరుస తెరువవలెను. అక్కడ 20000 నుండి 20199 వరకు అని వ్రాసి, ఇక్కడ 20000 నుండి 20099 వరకు తెరచినచో, కొన్ని పిలుపులు వినబడును, కొన్ని వినబడవు. ఇట్టి అప్పుడప్పుడు కనబడు తప్పును పట్టుట మిక్కిలి కష్టము. దారిలో రూటరు తలుపు అంకెను మార్చకుండునట్లును చూడవలెను.

నాలుగవది, రూటరు చూపు అతితెలివిని మానిపించుట. కొన్ని రూటరులలో ఆల్గ్ అను ఏర్పాటు కలదు. కవరును మాత్రమే దిద్దవలసిన గుమాస్తా, మేలు చేయుదునని ఉత్తరము విప్పి లోపలి చిరునామాను కూడ దిద్దుట దాని పని. ఎస్.బి.సి. ఒకసారి దిద్దిన ఉత్తరమును గుమాస్తా మరల దిద్దినచో, ఇద్దరు తర్జుమాదారుల చేతిలో పడిన దస్తావేజువలె అర్థమే మారిపోవును. రహస్య లిపిలోని ఉత్తరమును అతడు చదువనే లేడు. కనుక ఎస్.బి.సి. ఉన్నచోట ఆల్గ్‌ను ఆపివేయుట మేలు.

ఐదవది, చిట్టా చెరగకుండ చూచుట. గుమాస్తా చిట్టాలో వ్రాసికొన్నది కలకాలముండదు. కొంతసేపు ఉత్తరములు నడువకపోయినచో దానిని కొట్టివేయును. ఈ గడువు 2 నిమిషములకు తగ్గరాదని 2007 నాటి నిబంధన చెప్పుచున్నను, 30 సెకన్లకే కొట్టివేయు పెట్టెలును కలవు. చిట్టా చెరిగినచో, లోపలినుండి పేరు నమోదు చేసికొని నడచు ఏర్పాటులలో బయటి పిలుపు లోపలికి రాదు. కనుక ఎస్.బి.సి. ఆ గడువుకంటె తక్కువ వ్యవధిలో “ఉన్నాను, ఉన్నాను” అని చిన్న సందేశము పంపుచుండవలెను.

ఆరవది, తెరచిన తలుపునకు కావలి. 5060వ తలుపును ప్రపంచమంతటికి తెరచి ఉంచినచో, దానిని వెదకుచు తిరుగు దొంగలు వత్తురు. ఒకరి లెక్కలో విదేశములకు పిలుపులు చేసి, బిల్లు వారి నెత్తిన వేయుట ఈ దొంగతనపు తీరు. కనుక రాయబారపు తలుపును మన టెలిఫోను కంపెనీ యంత్రముల చిరునామాలకు మాత్రమే తెరువవలెను. వీలున్నచోట రాయబారమును, మాటను కూడ రహస్య లిపిలో నడుపవలెను.

ఇప్పుడు మరల మా కథకు వత్తము. కార్డు వచ్చిన వెంటనే ఇంజనీరు గారు మాటకు సంబంధించిన గడిలో వీధి చిరునామాను నింపిరి. మరుసటి వారము కార్యక్రమములో మొదటి పిలుపు ఒక పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయునిది. ఆయన మాట మాకును, మా మాట ఆయనకును గంటకొట్టినట్లు వినబడినవి. మేము సంతోషించితిమి. ఆయన తమ మోకాళ్ళ నొప్పిని గూర్చి చెప్పుచుండగా మాట మధ్యలో తెగిపోయినది. రెండవ శ్రోతకు అంతే. స్టూడియో గడియారము చూచుచున్న మా మిత్రుడొకరు, ప్రతి పిలుపును ముప్పది సెకన్లు దాటిన పిమ్మట ఒకే చోట తెగుచున్నదని గమనించిరి. కాగితముమీద వ్రాసి చూడగా 32 సెకన్లని తేలినది.

ఈ 32 అను అంకెయే రోగమును పట్టియిచ్చినది. సిప్ మర్యాదలో, పిలుపు అందుకొన్నవారు “సరే” యని చెప్పినపుడు, పిలిచినవారు “మీ సరే అందినది” అని బదులు చెప్పవలెను. ఆ బదులు కాంటాక్టు వరుసలోని చిరునామాకు వచ్చును. మాట గడిని నింపిన ఇంజనీరు గారు రాయబారపు గడిని నింపలేదు. అక్కడింకను పెరటి గది పేరే ఉన్నది. కంపెనీ పంపిన బదులు అక్కడికే పోయి నశించుచున్నది. మా ఎస్.బి.సి. అరసెకను ఆగి “సరే” యని మరల చెప్పినది. తరువాత 1 సెకను, 2 సెకన్లు, 4 సెకన్లు, ఆ పైన నాలుగేసి సెకన్లకు ఒకమారు చెప్పుచునే ఉన్నది. ఇట్లు అరసెకనుకు 64 రెట్లు, అనగా 32 సెకన్లు చూచి, అటువైపు ఎవరును లేరని నిశ్చయించుకొని పిలుపును ముగించినది. ఆ వెనుకటి వారము మేము అమ్మగారికి చేసినదే, ఆ యంత్రము ఉపాధ్యాయునకు చేసినది. మనిషి అక్కడ ఉండగానే, లేడని తీర్మానించినది.

రెండవ గడియు నింపిరి. ఈమారు పరీక్షను లోగిలిలో చేయలేదు. ఇంజనీరు గారు వీధిలోనికి పోయి తమ మొబైలు ఫోనుతో పిలిచిరి. ఇటు నుండి అటు, అటు నుండి ఇటు వినబడుచున్నదో చూచిరి. ఒక పిలుపును 32 సెకన్లు దాటించిరి. మరియొకదానిని పావుగంట నడిపించిరి. పిలుపును ఆపి ఉంచి మరల కలిపి చూచిరి. అరగంట ఊరకుండి, తరువాత బయటినుండి పిలుపు లోపలికి వచ్చుచున్నదో లేదో చూచిరి. గుమ్మమువద్ద నడచు పొట్లములను పట్టి, లోపలి ఉత్తరములో ఏ చిరునామా ఉన్నదో కన్నులార చదివిరి. రోగమున్నచోట ఊహకంటె ఈ చదువు మేలని ఆయన మాట.

ఇంటిలో ఫోను వాడు శ్రోతలకు ఇందువలన ఒక ఉపయోగము కలదు. ఫోను పాడైనదని కంపెనీకి చెప్పునప్పుడు “సరిగా లేదు” అని మాత్రమే చెప్పిన వారికేమియు తెలియదు. ఎవరు ఎవరిని పిలిచిరి, ఎవరి మాట ఎవరికి వినబడలేదు, ఎన్ని సెకన్లకు తెగినది, ఆనాడు ఎన్ని గంటలు, ఈ నాలుగు సంగతులు కాగితముమీద వ్రాసి చెప్పుడు. ఒకవైపే వినబడిన మాట చిరునామాను గాని మూసిన తలుపును గాని, 32 సెకన్లకు తెగిన పిలుపు అందని బదులును సూచించును. తెలిసిన ఇంజనీరునకు ఈ మాట చాలును. 112 వంటి అత్యవసరపు పిలుపు అరనిమిషమునకే తెగిన ఏమగునో తలచుకొనినచో, ఈ శ్రమ పెద్దది కాదు.

ఇకముందు ఈ చిక్కులు ఉండవా? ఐ.పి. ఆరవ రూపములో చిరునామాలు తరుగనన్ని కలవు. చిరునామాల కరవుకై గుమాస్తాను పెట్టుకొనవలసిన పని లేదు. అయినను తలుపుల కావలి ఉండకపోదు. క్రొత్త రూపమును పాత రూపమును కలిసి నడచునంతకాలము నడివాడును ఉండును. నడివాడున్నంతకాలము అతనికి సరియైన చిరునామా చెప్పు బాధ్యత మనుష్యులదే.

మేము పల్లెటూరి అమ్మగారికి క్షమాపణ చెప్పుచు ఉత్తరము వ్రాసి, కార్యక్రమములో కూడ ఆ మాట చెప్పితిమి. మూడవ వారము ఆమెయే మరల పిలిచినది. “ఈసారి వినపడుతోందా నాయనా?” అని మొదటి మాట. “వినపడుతోందమ్మా, చెప్పండి” అంటిమి. ఉపవాసమునాడు మాత్రలను తమంతట తాము మానవలదనియు, తక్కువ తిని మాత్ర వేసికొనినను చక్కెర మిక్కిలి పడిపోవచ్చుననియు, ముందుగా తమ వైద్యునడిగి మోతాదు నిర్ణయించుకొనవలెననియు డాక్టరు గారు విపులముగా చెప్పిరి. ఆమె భర్త ప్రక్కనుండి మరియొక ప్రశ్న అడిగించెను. ఆ పిలుపు నాలుగు నిమిషములు నడచినది.

నాటినుండి మా స్టూడియోలో ఒక అలవాటు ఏర్పడినది. పిలుపు వచ్చి మాట వినబడకపోయినచో, “అటువైపు ఎవరూ లేరు” అని మేము చెప్పము. “మీ మాట మాకు చేరటం లేదు, మా మాట మీకు వినపడుతూ ఉంటే దయచేసి ఒక కార్డు వ్రాయండి” అని చెప్పుచున్నాము. సెలవు.